అత్తగారి తూకం

మే 29, బుధవారం

భుజం డాక్టరు ఈసారి మొహమాటపడలేదు. వానలు వెనకపట్టగానే ఆపరేషన్ అన్నాడు. ఆ తర్వాత గాలపు కర్ర ఊసు మరిచిపొమ్మన్నాడు. మరి కుట్టుమిషన్లు బాగుచేసుకోవచ్చా అని మా ఆయన అడిగారు. చిన్న స్క్రూలైతే పరవాలేదట. బస్సులో వస్తూ, అయితే ఇదే ఆఖరి సీజన్ అన్నమాట, అన్నారు. రేపు ఎండ కాస్తుందేమో అన్నంత మామూలుగా అన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

పంతొమ్మిదేళ్ళుగా చెరువు పోటీల్లో గాలం వేస్తున్నారు. ఇంతవరకు గెలిచింది ఒక గొడుగు. అదీ లక్కీ డ్రాలో.

జూన్ 1, శనివారం

క్లబ్బు మీటింగ్. కొత్త హాలు తయారైంది. గుమ్మానికి ఎదురుగా గోడకి పొడుగాటి గాజుపెట్టె బిగించారు. లోపల లైటుంది, నీలం గుడ్డ పరుపుంది, చేప ఒక్కటే తక్కువ. దానికోసం సెక్రటరీ తీర్మానం తెచ్చాడు. ఈ ఏడు క్లబ్బు రికార్డు దాటిన చేపను మళ్ళీ నీళ్ళలో వదలరు. దూది కూరి ఆ పెట్టెలో పెడతారు. మిగతావి ఎప్పటిలాగే తూచి వదిలేయడమే.

అందరూ చేతులెత్తారు. మినిట్స్ రాసేది నేను కాబట్టి నా చెయ్యి ఖాళీగా లేదు. రాసుకుపోయాను.

అప్పుడే లేచి అడగాల్సింది. అడగలేదు. వారమంతా పార్సిల్ ఆఫీసులో మూటలు తూస్తాను, సీజన్‌లో ఆదివారాలు చేపలు తూస్తాను. తూచేదాని అభిప్రాయం ఎవరికి కావాలి? కాటా ఏమంటోందని అడుగుతారు గానీ.

రికార్డు పద్నాలుగు కిలోల రెండువందల గ్రాములు. చాలా ఏళ్ళ కిందట ఒక పళ్ళ డాక్టరు పట్టాడు. దాన్ని దాటగల చేప ఈ చెరువులో ఒక్కటే ఉంది. అత్తగారు.

ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. ఏడాదికోసారి తొలకరికి వస్తుంది. వచ్చిందంటే అందరూ లేచి నిలబడాలి. ఎంత చేసినా మొహంలో తృప్తి కనిపించదు. కింది పెదవి ఎడమవైపు చిరిగి ఉంటుంది, తోక చివర ఒక ముక్క ఉండదు. ఏటికి ఎదురెక్కి గుడ్లు పెట్టాలని, ఏరు చెరువులో కలిసే మూలకి చేరుతుంది. అక్కడ ఎవరో ఒకరి గాలానికి తగులుతుంది. నేను తూస్తాను, వదులుతాను. ఆరేళ్ళుగా ఇదే వరస. ఈ డైరీ ఆఖరి పేజీలో ఆరు తూకాలూ రాసుకున్నాను. పోయినేడు పదమూడు కిలోల తొమ్మిదివందలు.

ఈ ఏడు దాటుతుంది. దాటకూడదు. ఏం చెయ్యాలో తెలియడం లేదు.

జూన్ 4, మంగళవారం

తొలకరి పడింది. ఆఫీసు కప్పు మూడుచోట్ల కారింది. అందరూ వాన వాన అని మురిసిపోతుంటే నాకు ఏడుపొచ్చింది.

జూన్ 6, గురువారం

వంటింట్లో నాకు చోటు లేదు. స్టవ్ పక్కన ఎర ముద్దలు, సింకులో లైను చుట్టలు, నా పప్పుల డబ్బాలో గాలపు బెండ్లు. ఎడమచేత్తో విసరడం ప్రాక్టీసు చేస్తానని హాల్లో కర్ర ఊపి ఫ్యాను రెక్క వంచారు. అరిచాను. చిన్నపిల్లాడిలా నవ్వారు. ఆ మనిషి అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

తర్వాత బెండుకి రంగు వేసుకుంటూ, ఒక్కసారి అత్తగారు నా లైనుకి తగిలితే చాలు, ఇంకేం అక్కర్లేదు, అన్నారు. ఈ ఆరేళ్ళలో ఆయనకి ఒక్కసారీ తగల్లేదు. పక్కవాళ్ళకి తగిలింది, ఎదుటివాళ్ళకి తగిలింది, పోటీ చూడడానికొచ్చి సరదాగా కర్ర పట్టుకున్న చుట్టానికి తగిలింది.

ఆమెని వదిలెయ్యండి అని చెబుదామని నోరు తెరిచాను. టీ పెట్టనా అని అడిగాను.

జూన్ 8, శనివారం, సాయంత్రం 6

పార్సిల్ ఆఫీసు అయిదుకిలోల రాయి తెచ్చి కాటా సరిచూశాను. గ్రాము తేడా లేదు. తర్వాత రేపటి చీట్లు రాసి మడిచాను. ఎవరు ఏ నంబరు చోట కూర్చోవాలో ఆ చీట్లే తేలుస్తాయి. ఏటి మూల ఏడో నంబరు. పాయిఖానాల వెనక ఇరవైమూడు, అక్కడ చేపలే కాదు, కప్పలు కూడా ఉండవు. ఆయనకి ఇరవైమూడు రావాలని కోరుకున్నాను. కట్టుకున్న భర్తకి పాయిఖానా వెనక చోటు కోరుకునే ఇల్లాలిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

జూన్ 9, ఆదివారం

ఆయనకి పదకొండో నంబరు. రోజంతా కూర్చుని ఒక చెప్పు పట్టారు, ఎడమకాలిది. ఏడో నంబరువాడికీ పెద్దదేం రాలేదు. అత్తగారు ఇంకా బయల్దేరలేదు. ఏట్లో నీళ్ళు చాలవు.

ఆయన తడిసి ముద్దై వస్తుంటే నా కడుపులో చల్లగా అనిపించింది. అనిపించినందుకు సిగ్గేసింది. రాత్రికి భుజానికి వేణ్ణీళ్ళ కాపడం పెట్టాను. ఇంకో ఆదివారం ఉందిగా, అన్నారు. అదే ఆఖరిది.

జూన్ 12, బుధవారం

పైన ఎక్కడో గట్టిగా కురిసినట్టుంది. ఏరు ఎర్రగా దిగింది. ఆఫీసుకి వెళ్తూ వంతెన మీద నిలబడి చూశాను. ఈ ఆదివారం ఆమె రావడం ఖాయం.

ఇవాళ ఒక పని చేశాను. దీన్ని ఎవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

చేపని ఊరికే కొక్కేనికి తగిలించి తూచం. రబ్బరు అడుగున్న జాలీసంచిలో పెట్టి తూస్తాం. సంచి పొడిగా ఉంటే చేప ఒంటి జిగురు ఊడిపోతుంది, అందుకని ముందు తడపాలి. తడిపి, బాగా పిండి, ఖాళీసంచి కాటాకి తగిలించి, బరువు సున్నా చేసి, అప్పుడు చేపని పెట్టాలి. పిండడం ముఖ్యం. పిండకుండా సున్నా చేస్తే సంచి అడుగున నిలిచిన నీళ్ళు కూడా సున్నాలో కలిసిపోతాయి. తర్వాత ఆ నీళ్ళు ఒంపేసి చేపని పెడితే, ఒంపిన నీళ్ళంత బరువు చేపలో తగ్గి కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన వాళ్ళకి నేను మొదట నేర్పేది ఇదే, ఈ తప్పు చెయ్యొద్దని.

బాత్రూం తలుపేసుకుని సంచి తడిపి చూశాను. అడుగున రెండువందల ముప్ఫై గ్రాముల నీళ్ళు నిలుస్తాయి. మూడుసార్లు చూశాను, అంతే.

అత్తగారు ఈ ఏడు పద్నాలుగు రెండువందల యాభై ఉంటుందని నా అంచనా. అందులో రెండువందల ముప్ఫై పోతే పద్నాలుగు ఇరవై. రికార్డుకి చాలా కింద. కానీ మిగతా చేపలు ఎనిమిదీ తొమ్మిదీ కిలోలే కాబట్టి పోటీ కప్పు మాత్రం ఆమెని పట్టినవాళ్ళదే. ఒకవేళ అది ఆయనే అయితే ఆయన కప్పు ఆయనకి, ఆమె ప్రాణం ఆమెకి. పాము చావకుండా కర్ర విరగకుండా అంటారే, అలాగ.

ఏం చేస్తున్నావని ఆయన తలుపు కొట్టారు. బట్టలు పిండుతున్నానన్నాను.

జూన్ 13, గురువారం

ఇరవైరెండేళ్ళుగా తూకం వేస్తున్నాను. ఒక్క గ్రాము దొంగిలించలేదు.

జూన్ 15, శనివారం

చీట్లు మడిచాను. ఏడో నంబరు చీటీ ఒక్కక్షణం విడిగా పట్టుకున్నాను. గుప్పిట్లో దాచేస్తే ఎవరికి తెలుస్తుంది? మళ్ళీ డబ్బాలో వేశాను. దానికి ధైర్యం చాలలేదు. సంచి దగ్గర చాలుతుందా?

ఆయన తొందరగా పడుకున్నారు. ఇప్పుడు లేపి, రేపు ఆమె తగిలితే లైను కోసెయ్యండి అని చెప్పొచ్చు. పంతొమ్మిదేళ్ళు కాచుకున్న మనిషికి ఏ నోటితో చెప్పను?

జూన్ 16, ఆదివారం, ఉదయం 6:10

ఆయన చీటీ తీశారు. ఏడు.

అదే రోజు, సాయంత్రం

చేతులు ఇంకా వాసన వస్తున్నాయి. మూడుసార్లు కడుక్కున్నాను.

పదకొండు దాటాక ఏటి మూలనుంచి కేకలు వినిపించాయి. తూకం బల్ల దగ్గర్నుంచి నాకు అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. కర్ర విల్లులా వంగిపోయింది. ఆయన ఎడమచేత్తో రీలు తిప్పుతున్నారు, కుడిభుజం పనిచెయ్యక మోకాలు ఆనించారు. జనం గట్టు మీద మూగారు. పావుగంట పట్టింది. చివరికి ఒడ్డు దగ్గర నీళ్ళలో ఆమె వీపు తేలింది. వలలోకి తీసుకోవడానికి ఎందుకో ఆలస్యం చేశారు. చేప అలిసిపోయింది, వల అంచు దాకా వచ్చింది, ఆయన మాత్రం కదల్లేదు. తలెత్తి నావైపు చూశారు. నా మొహంలో దొంగతనం కనిపిస్తుందేమోనని నేను రిజిస్టర్లోకి తల దించుకున్నాను. మళ్ళీ తలెత్తేసరికి ఆమె వలలో ఉంది.

నేను సంచి తడిపాను. పిండలేదు. తగిలించాను, సున్నా చేశాను, దించి నీళ్ళు కాళ్ళ దగ్గర ఒంపేశాను. చెప్పులు తడిశాయి. ఎవరూ గమనించలేదనుకున్నాను. అందరి కళ్ళూ చేప మీదే ఉన్నాయి.

అప్పుడు ఆమెని నా చేతుల్లో పెట్టారు. పెదవి చిరుగు చూశాను. తోక చూశాను. ఎత్తగానే తెలిసింది. నా చేతులకి కాటా అక్కర్లేదు, పద్నాలుగుంబావు కాదు, ఇంకా చాలా ఉంది. కడుపు రాయిలా గట్టిగా ఉంది. నిండా గుడ్లు. పోయినేటి లెక్కతో అంచనా వేశాను గానీ, ఇంత నిండుగా వస్తుందని అనుకోలేదు. ఇంకో వంద గ్రాముల నీళ్ళు కావాలి. సున్నా అయిపోయింది. మళ్ళీ చెయ్యాలంటే అందరి ముందూ ఎందుకో చెప్పాలి.

కాటా పద్నాలుగు నూటయాభై చూపించింది. రికార్డుకి యాభై తక్కువ. అయ్యో అని జనమంతా ఒక్కసారిగా అన్నారు. ఆయన నవ్వుతూనే ఉన్నారు, కప్పు చాలు అన్నారు. నేను సంచి ఎత్తి నీళ్ళవైపు రెండడుగులు వేశాను కూడా.

ఆగమన్నాడు సెక్రటరీ. రూలు పుస్తకం తెరిచాడు. రికార్డుకి వంద గ్రాముల లోపు తేడా ఉంటే వేరే కాటా మీద, వేరే మనిషి చేత్తో మళ్ళీ తూచాలి. ఆ రూలు నాదే. నాలుగేళ్ళ కిందట ఇద్దరు తోడల్లుళ్ళు ఇరవై గ్రాముల కోసం కొట్టుకుంటే, రేపు నన్నెవరూ వేలెత్తి చూపకూడదని నేనే పట్టుబట్టి రాయించాను. దొంగతనంలో కూడా పొదుపు చేస్తే ఇలాగే ఉంటుంది.

పడవల షెడ్డు నుంచి రెండో కాటా తెచ్చారు. ఈలోగా ఆమెని తొట్లో పెట్టి నోటి దగ్గర నీళ్ళు ఆడిస్తూ కూర్చున్నాను. కడుపుతో ఉందండీ, అన్నాను సెక్రటరీతో. అందుకేగా ఇంత బరువు, అన్నాడు. చెడ్డవాడేం కాదు. సంతోషంగా అన్నాడు. సంచి అతనే పిండాడు, నేను నేర్పినట్టే.

పద్నాలుగు మూడువందల ఎనభై.

చప్పట్లు. మైకు. ఐసుపెట్టె మూత తీసి సిద్ధంగా పెట్టారు. తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను. ఏమనను? నేను మోసం చేశాను, కాబట్టి చేపని వదలండి అననా? మోసం ఒప్పుకున్నా చేప బరువు తగ్గదు.

ఆ తర్వాత సెక్రటరీ మైకులో అన్న మాటలు రాయడానికే ఒళ్ళు చచ్చిపోతోంది. సొంత భర్త చేప అని కూడా చూడకుండా, పొరపాటున కూడా ఆయన వైపు మొగ్గకుండా, మొగ్గితే తక్కువ తూకానికే మొగ్గిన మనిషి అని నన్ను పొగిడాడు. ఇలాంటి నిజాయితీ ఎక్కడా చూడలేదన్నాడు. అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఫొటోలో నా పక్కన ఆయన, మధ్యలో ఆమె. అప్పటికింకా దవడలు ఆడుతున్నాయి.

జూన్ 17, సోమవారం

ఆఫీసులో అందరూ కౌంటర్ దగ్గరికొచ్చి అభినందించారు. ఒకావిడ తన పార్సిల్ నా చేత్తోనే తూచాలని క్యూ మారింది. ఆడపడుచు ఫోన్ చేసి, మా తమ్ముడు గెలిచే చేపకి కూడా నువ్వు కోత పెట్టావటగా అని దెప్పింది. నాకు తెలిసి నిజం మాట్లాడింది ఆవిడొక్కతే.

కప్పు టీవీ మీద పెట్టాను. ఆయన దాన్ని ఒక్కసారీ చేత్తో తాకలేదు. భుజం నొప్పేమో అనుకున్నాను.

జూన్ 19, బుధవారం

చేపలకి దూది కూరే మేస్త్రీ పొద్దున్నే ఫోన్ చేశాడు. కడుపు కోశాడట. గుడ్లు రెండు గిన్నెలు నిండాయట. పారెయ్యమంటారా, ఎవరైనా తింటారా అని అడిగాడు. ఫోన్ ఆయనే ఎత్తారు. వస్తున్నా, అలాగే ఉంచు, అన్నారు. షాపు తియ్యలేదు. మా బాత్రూం బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం దాటాక మోకాళ్ళదాకా బురదతో వచ్చారు. ఏరు కలిసే చోట, మెల్లగా, చేత్తో తీసి కొంచెం కొంచెంగా వదిలారట. మూడురోజులు ఐసులో ఉన్న గుడ్లు. ఆయనకి తెలియనిదా? చెరువు గట్టున పంతొమ్మిదేళ్ళు కూర్చున్న మనిషి. బకెట్టు కడిగాను.

అన్నం దగ్గర, తల ఎత్తకుండా, ఆరోజు నువ్వు సంచి పిండలేదు, అన్నారు.

ముద్ద కంచంలో పెట్టేశాను.

నీళ్ళు ఒంపడం చూశారట. ఎందుకలా చేశానా అనుకున్నారట. ఆయనకి అర్థమయ్యేసరికి ఐసుపెట్టె మూత పడిపోయిందట. శనివారమే చెప్పుంటే నీళ్ళలో ఉండగానే లైను కోసేసేవాణ్ణి కదా, అన్నారు. గట్టిగా కూడా అనలేదు. ఆమె తగిలితే చాలు ఇంకేం అక్కర్లేదని నీతో చెప్పానుగా, అన్నారు. అవును. చెప్పారు. నేనే వేరేలా విన్నాను.

మరి మీరెందుకు కొయ్యలేదని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. వల దాకా వచ్చాక వదిలెయ్యబుద్ధేసిందట. పంతొమ్మిదేళ్ళుగా నాతో పాటు తడిసింది నువ్వు, కప్పు ఇంటికి రావాలని నీకూ ఉంటుంది కదా అని, నీ మొహం చూద్దామని నావైపు తిరిగారట.

నేను రిజిస్టర్ చూస్తున్నాను.

జూన్ 20, గురువారం

పొద్దున్నే చెరువుకి వెళ్ళి చూసొచ్చారు.

జూన్ 21, శుక్రవారం

ఇవాళా వెళ్ళారు.

జూన్ 23, ఆదివారం

హాలు ప్రారంభం. వెళ్ళక తప్పింది కాదు. మేస్త్రీ దూది పని బాగానే చేశాడు. పెదవి చిరుగు మైనంతో పూడ్చేశాడు. తోకకి కొత్త ముక్క అతికించాడు. ఆమె కాదు, ఏదో అందమైన చేప. కింద ఫలకం మీద ఆయన పేరు, బరువు, దాని కింద చిన్నక్షరాల్లో తూకం వేసినవారు అని నా పేరు. తూకం బల్ల కూడా హాల్లోకే మార్చారు. సరిగ్గా ఆ పెట్టె ఎదురుగా.

నాకో సర్టిఫికెట్ ఇచ్చారు. తీసుకున్నాను. వద్దనడానికి కారణం చెప్పాలి కదా.

ఆయన రాలేదు. ఏటి మూల దగ్గర ఉన్నారని ఎవరో చెప్పారు. కర్ర తీసుకెళ్ళలేదట.

జూన్ 27, గురువారం

వాన. పిల్లలేమైనా కనిపించాయా అని అడిగాను. నీళ్ళు బురదగా ఉన్నాయి, తేరుకోవాలి, అన్నారు.

జూన్ 30, ఆదివారం

ఇవాళ నేనూ వెళ్ళాను. ఇద్దరం ఒకే గొడుగు కింద గట్టు మీద కూర్చున్నాం. లక్కీ డ్రా గొడుగు. నీళ్ళలో ఏమైనా కదులుతోందా, నీ కళ్ళు మంచివి, చూసి చెప్పు, అన్నారు.

అదిగో, అక్కడ, అన్నాను. ఆయన చాలాసేపు అటే చూశారు.